ఆకుపచ్చగా వెలిగితే ఆక్సీకరణ ఒత్తిడేనా?

జీవశాస్త్ర పరిశోధనా పత్రాలు తిరగేసేవారికి బాగా తెలిసిన బొమ్మ ఒకటుంది. నల్లటి నేపథ్యం మీద పక్కపక్కనే రెండు చతురస్రాలు. ఎడమ దాంట్లో కణాలు కనీకనిపించనట్టు మసకగా ఉంటాయి. కుడి దాంట్లో అవే రకం కణాలు ఆకుపచ్చగా ధగధగలాడుతుంటాయి. కింద ఒక్క వాక్యం: మందు వేశాక ఆక్సీకరణ ఒత్తిడి పెరిగింది. ఇలాంటి బొమ్మే యాంటీ ఆక్సిడెంట్ మాత్రల ప్రచారంలోకి వస్తే వరుస తిరగబడుతుంది. మాత్రకు ముందు ఆకుపచ్చ, తర్వాత చీకటి.

ఆ వెలుగు అబద్ధమేమీ కాదు. కెమెరా నిజంగానే ఎక్కువ కాంతిని పట్టుకుంది. పేచీ అంతా ఆ కాంతికీ కింద రాసిన వాక్యానికీ మధ్య ఉంది. కణంలో వేసిన రంగు అణువు మనకు చెప్పగలిగేది ఒకటే: నా మీద ఫలానా రసాయన చర్య జరిగింది అని. ఆ చర్య ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, దానివల్ల కణానికి కష్టం కలిగిందా లేదా అన్నవి దానికి తెలియవు. ఈ సంగతి ఆ రంగంలో పనిచేసేవారికి కొత్త కాదు. 2022లో పరిశోధకులు పలువురు కలిసి, ఆక్సీకరణ చేసే పదార్థాలను ఎలా కొలవాలో ఎలా కొలవకూడదో చెబుతూ 'నేచర్ మెటబాలిజం' పత్రికలో మార్గదర్శకాలు కూడా ప్రచురించారు. అయినా ఆ బొమ్మ అచ్చవుతూనే ఉంది. ఎందుకో తెలియాలంటే కాస్త మొదటి నుంచి రావాలి.

ఆక్సిజన్ నీరయ్యే దారిలో మూడు మజిలీలు

మనం పీల్చే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం కణాల్లో చివరికి నీరవుతుంది. అందుకు ఒక్కో ఆక్సిజన్ అణువుకు నాలుగు ఎలక్ట్రాన్లు కావాలి. నాలుగూ ఒకేచోట అందితే గొడవ లేదు. మైటోకాండ్రియాలో చాలావరకు జరిగేది అదే. ఒక్కటే అంది ఆగిపోతే సూపర్ఆక్సైడ్ పుడుతుంది. రెండు అందితే హైడ్రోజన్ పెరాక్సైడ్. మూడో ఎలక్ట్రాన్ దగ్గర పుట్టేది హైడ్రాక్సిల్ రాడికల్. రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో తిరిగే అణువు.

మూడూ ఆక్సిజన్ బిడ్డలే అయినా గుణాలు వేరు. సూపర్ఆక్సైడ్‌కు ఋణావేశం ఉంటుంది కాబట్టి పొరలు దాటడం దానికి కష్టం. ఎస్‌ఓడీ అనే ఎంజైమ్ దాన్ని చప్పున పెరాక్సైడ్‌గా మార్చేస్తుంది. ఈ పని చేసే ఎంజైమ్ ఉందని మెకార్డ్, ఫ్రిడోవిచ్ 1969లో చూపించారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ వీటిలో నిదానస్తురాలు. పొరలు దాటి తిరుగుతుంది, తనకు తగిన జత దొరికితేనే చర్య జరుపుతుంది. హైడ్రాక్సిల్ రాడికల్ ఆయుష్షు నానోసెకన్లలో ఉంటుంది. పుట్టిన చోటే పక్కన ఏది ఉంటే దాన్ని పొడుస్తుంది, అది డీఎన్ఏ అయినా, కొవ్వు అయినా, ప్రోటీన్ అయినా.

ఇన్నిటినీ ఒకే మూటగా కట్టి 'ఆర్‌ఓఎస్' (రియాక్టివ్ ఆక్సిజన్ స్పీషీస్) అంటారు. ఆర్‌ఓఎస్ పెరిగింది అనడం, వీధిలో వాహనాలు పెరిగాయి అనడం లాంటిది. సైకిళ్లా, లారీలా అన్నది ఆ మాటలో లేదు.

ఇక 'ఒత్తిడి' సంగతి. ఆక్సీకరణ ఒత్తిడి అన్న మాటకు జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ 1985లో నిర్వచనం ఇచ్చారు. ఆక్సీకరణ చేసేవాటికీ (అంటే ఇతర అణువుల ఎలక్ట్రాన్లు లాక్కునేవాటికీ) వాటిని అదుపు చేసేవాటికీ మధ్య తూకం మొదటివాటి వైపు ఒరిగిపోవడం అని దాని సారం. అంటే అది ఒక పదార్థం పేరు కాదు, తూకం పేరు. ఇంటి ఖర్చు ఎంతో చెబితే ఆ ఇల్లు ఇబ్బందుల్లో ఉందో లేదో తెలియదు, రాబడి కూడా చూడాలి. పైగా ఖర్చంతా దుబారా కాదు. తెల్లరక్త కణాలు సూక్ష్మజీవులను చంపడానికి కావాలనే సూపర్ఆక్సైడ్ తయారుచేస్తాయి. పెరుగుదల సంకేతాలు అందినప్పుడు కణాలు కొద్దిగా పెరాక్సైడ్‌ను పుట్టించి దాన్ని కబురులా వాడుకుంటాయి. మామూలుగా కణంలో పెరాక్సైడ్ గాఢత సుమారు 1 నుంచి 100 నానోమోలార్ మధ్య ఉంటుందని అంచనా. ఈ 'నానో' అన్న మాటను గుర్తుంచుకోండి, దాంతో ముందు పని ఉంది.

డీసీఎఫ్: అందరూ వాడే రంగు, అందరూ తిట్టే రంగు

ప్రతిదీప్తి అంటే ఒక రంగు కాంతిని మింగి, అంతకంటే ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న మరో రంగు కాంతిని విడుదల చేయడం. ఆక్సీకరణను పసిగట్టడానికి వాడే ప్రోబ్‌లు, అంటే ఆనవాలు పట్టే రంగు అణువులు, చాలావరకు మొదట చీకటిగా ఉంటాయి, ఆక్సీకరణ చెందాక వెలుగుతాయి.

వీటిలో అత్యంత ప్రసిద్ధమైనది డైక్లోరోడైహైడ్రోఫ్లోరెసీన్ డైఅసిటేట్. ల్యాబుల్లో అంత పేరు ఎవరూ పలకరు, డీసీఎఫ్ అంటారు. దీని వెనుక ఉన్న రసాయనాన్ని 1965లో కెస్టన్, బ్రాంట్ అనేవారు పెరాక్సైడ్‌ను అతి కొద్ది మోతాదుల్లో కొలవడానికి ప్రతిపాదించారు. గాజు గొట్టంలో, పెరాక్సిడేజ్ ఎంజైమ్‌ను తోడిచ్చి చేసే పరీక్ష అది. తర్వాత దాన్ని బతికున్న కణాల్లోకి తెచ్చారు. ఉపాయం చక్కనిదే: రెండు అసిటేట్ ముక్కలు తగిలించడం వల్ల రంగు అణువు కణపు పొరను దాటి లోపలికి పోతుంది. లోపల ఎస్టరేజ్ ఎంజైమ్‌లు ఆ ముక్కలను కోసేస్తాయి. ఇక బయటికి రావడం కష్టం. అక్కడ ఆక్సీకరణ జరిగితే 488 నానోమీటర్ల నీలి కాంతి వేసినప్పుడు 525 దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది.

చౌక. సులువు. అరగంటలో ఫలితం. మరి తిట్లు ఎందుకు?

మొదటిది, పెట్టె మీద పెరాక్సైడ్ ప్రోబ్ అని రాసి ఉన్నా, పెరాక్సైడ్ ఒక్కటే వచ్చి తాకితే ఇది వెలగదు. మధ్యవర్తి కావాలి. ఇనుము, పెరాక్సిడేజ్‌లు, సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ లాంటివి ఆ పని చేస్తాయి. ఇక్కడో తమాషా ఉంది. కణం తనను తాను చంపుకునే క్రమంలో మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి బయటికి వస్తుంది. అప్పుడు పెరాక్సైడ్ ఒక్క పిసరు కూడా పెరగకపోయినా డీసీఎఫ్ వెలుగు పెరగవచ్చు. విషపు మందు వేసి, కణాలు చస్తుంటే డీసీఎఫ్ కొలిచి, ఆక్సీకరణ వల్లే చచ్చాయి అని తేల్చడంలో ఉన్న చిక్కు ఇదే. చావు వల్ల వెలుగు వచ్చి ఉండొచ్చు కదా!

రెండోది ఇంకా వింత. ఈ రంగు ఆక్సీకరణ చెందేటప్పుడు మధ్యలో తానే ఒక రాడికల్ అవుతుంది. అది ఆక్సిజన్‌తో కలిసి సూపర్ఆక్సైడ్‌ను పుట్టిస్తుంది, అది పెరాక్సైడ్ అవుతుంది, అది మళ్లీ ఇంకొంత రంగును వెలిగించడానికి సాయపడుతుంది. దొంగను పట్టుకోవడానికి పెట్టిన కాపలావాడే దొంగతనాలు చేసినట్టన్నమాట. మైక్రోస్కోప్ కాంతి కూడా ఈ రంగును ఆక్సీకరణం చేస్తుంది కాబట్టి, ఎక్కువసేపు చూస్తే చూడటం వల్లే వెలుగు పెరుగుతుంది.

ఎనభై శాతం ఎలా కరిగిపోతుంది: ఒక లెక్క

అంకెలు నేను ఊహించి పెట్టినవే గాని, లెక్క తీరు ప్రయోగశాలల్లో జరిగేదే.

మందు వేయని కణాల్లో డీసీఎఫ్ వెలుగు 1000, మందు వేసిన కణాల్లో 1800 అనుకుందాం. 80 శాతం పెరిగింది. పత్రానికి సరిపోయే అంకె.

ఇప్పుడు ప్రయోగపు పళ్లెంలో కణాలే లేని గుంటల్లో అదే పోషక ద్రవం, అదే రంగు వేసి చూశాం. మందు లేనిచోట 100, మందు ఉన్నచోట 350 వచ్చింది. కొన్ని మందులు తమంతట తామే వెలుగుతాయి. ఉదాహరణకు క్యాన్సర్ మందు డాక్సోరూబిసిన్‌ను నీలి కాంతితో ఉత్తేజపరిస్తే ఎరుపు వైపు కాంతి ఇస్తుంది, ఎర్ర ప్రోబ్‌లతో చేసే ప్రయోగాలను తికమక పెడుతుంది. ఇంకొన్ని పదార్థాలు పోషక ద్రవంలోనే గాలితో ఆక్సీకరణ చెంది పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. విటమిన్ సి, టీ ఆకుల్లో ఉండే కొన్ని పాలీఫినాల్స్ అలా చేస్తాయని తెలుసు. ఏదైతేనేం, ఈ భాగం కణాలది కాదు, తీసేయాలి. మిగిలింది 900, 1450.

తర్వాత, ఆక్సీకరణతో పని లేకుండా ఎస్టరేజ్ కోయగానే వెలిగే జంట రంగు ఒకటి వేసి చూశాం. మందు వేసిన కణాలు రంగును 1.4 రెట్లు ఎక్కువ దాచుకుంటున్నాయని తేలింది. బహుశా ఆ మందు రంగును బయటికి తోసే పంపులను ఆపేసిందేమో. 1450ని 1.4తో భాగిస్తే సుమారు 1036. 900 నుంచి 1036 అంటే 15 శాతం.

80 శాతం 15 అయింది. ఆ 15లో కూడా సైటోక్రోమ్ సి వాటా ఎంతో ఇంకా తెలియదు. ఈ అదనపు గుంటలు ఖర్చుతో కూడినవేమీ కాదు. అయినా వాటిని చూపించని పత్రాలు తక్కువేమీ కాదు.

ఒకే ఎరుపు, రెండు పదార్థాలు

సూపర్ఆక్సైడ్ కోసం వాడే రంగు డైహైడ్రోఎథిడియం. సూపర్ఆక్సైడ్ తాకితే ఇది 2-హైడ్రాక్సీఎథిడియం అనే ప్రత్యేకమైన పదార్థంగా మారుతుంది. వేరే ఆక్సీకారులు తాకితే మామూలు ఎథిడియం అవుతుంది. రెండూ ఎర్రగానే వెలుగుతాయి, రెండూ డీఎన్ఏకు అతుక్కుంటాయి. మామూలు ఫిల్టర్లతో చూస్తే ఏది ఏదో తెలియదు. కణాల్ని చిదిమి, హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో రెండింటినీ విడదీస్తే తెలుస్తుంది. అప్పుడు అది బతికున్న కణాల్లో కొలత అనిపించుకోదు మరి.

దీనికే ధనావేశం ఉన్న తోక తగిలించి మైటోకాండ్రియాకు పంపేది మైటోసాక్స్. లోపల ఋణ విభవం ఉంటుంది కాబట్టి అక్కడికి లాగబడుతుంది. ఆ విభవం పడిపోతే రంగు అక్కడి నుంచి జారి కేంద్రకంలోకి చేరి, డీఎన్ఏ దొరికి, మరింత వెలుగుతుంది. మైటోకాండ్రియా దెబ్బతింది అన్న వార్తను సూపర్ఆక్సైడ్ పెరిగింది అని చదువుకునే ప్రమాదం ఇక్కడ ఉంది.

పరుగు పందెంలో ప్రోబ్ ఎక్కడ ఉంటుంది

సరే, అడ్డమైన వాటితో కలవని, పెరాక్సైడ్‌తో నేరుగా చర్య జరిపే రంగు తయారుచేస్తే? 2004లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో క్రిస్టఫర్ చాంగ్ బృందం బోరోనేట్ ముసుగున్న ప్రోబ్‌ను ప్రకటించింది. పెరాక్సైడ్ వచ్చి ఆ ముసుగు తీసేస్తే రంగు వెలుగుతుంది. రసాయనం శుభ్రంగా ఉంది, మధ్యవర్తులు అక్కర్లేదు. కానీ నెమ్మది. ఎంత నెమ్మదో చూడటానికి ఒక లెక్క వేద్దాం. నాకైతే ఈ విషయం మొత్తంలో ఇదే అసలు కీలకం.

ఒక పదార్థం పెరాక్సైడ్‌ను ఎంత జోరుగా పట్టుకుంటుంది అన్నది రెండు అంకెల గుణకారం: దాని రేటు స్థిరాంకం (చర్య ఎంత వేగమో చెప్పే అంకె), దాని గాఢత. బోరోనేట్ ప్రోబ్ స్థిరాంకం సుమారు 1. కణంలో 10 మైక్రోమోలార్ (ఒక మైక్రోమోలార్ అంటే వెయ్యి నానోమోలార్లు) చేరిందనుకుంటే, గుణకారం సెకనుకు 0.00001. అదే కణంలో పెరాక్సీరెడాక్సిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని స్థిరాంకం కోటి దరిదాపుల్లో ఉంటుంది. 20 మైక్రోమోలార్ ఉందనుకుంటే గుణకారం సెకనుకు 200. ఒకదాన్ని మరోదానితో భాగిస్తే రెండు కోట్లు. పుట్టిన రెండు కోట్ల పెరాక్సైడ్ అణువుల్లో ఒక్కటి ప్రోబ్‌కు దొరుకుతుంది, మిగతావన్నీ ఎంజైమ్ ఎగరేసుకుపోతుంది.

ఇంకో వైపు నుంచి చూద్దాం. కణంలో పెరాక్సైడ్ నిలకడగా 10 నానోమోలార్ ఉంది. గంట తర్వాత లక్ష ప్రోబ్ అణువుల్లో ముసుగు తొలగేవి దాదాపు నాలుగు. ఎంత మంచి మైక్రోస్కోప్ అయినా ఆ నాలుగింటినీ మామూలు మసక వెలుగు నుంచి వేరు చేయలేదు. అదే బయటి నుంచి 100 మైక్రోమోలార్ పెరాక్సైడ్ పోసి, అది తరగకుండా నిలిచిందనుకుంటే, గంటలో 30 శాతం వెలుగుతాయి. ప్రోబ్ పనిచేస్తోందని చూపించడానికి చాలామంది వేసే పరీక్ష ఇదే. కణంలో మామూలుగా ఉండేదానికి పదివేల రెట్లు పోసి, చూశారా వెలిగింది అంటే, వెలగక ఏం చేస్తుంది?

దీనికి తోడు ఇంకో మెలిక. పెరాక్సీనైట్రైట్ అనే మరో పదార్థం ఇదే బోరోనేట్‌ను పెరాక్సైడ్ కంటే సుమారు పది లక్షల రెట్లు వేగంగా తాకుతుంది. అది పుట్టే కణాల్లో వెలుగు ఎవరిదో మళ్లీ అనుమానమే.

హైడ్రాక్సిల్ రాడికల్ విషయంలో పందెమే ఉండదు. నానోసెకను బతికే దాన్ని మైక్రోమోలార్ రంగుతో కాపు కాసి పట్టుకోవడం కుదిరే పని కాదు.

కణంతోనే ప్రోబ్ తయారు చేయించడం

ఇంకో దారి, రంగు పోయకుండా జన్యువు పంపడం. కణం ఆ జన్యువును చదివి, వెలిగే ప్రోటీన్‌ను తానే తయారుచేసుకుంటుంది. జెల్లీఫిష్ నుంచి వచ్చిన ఆకుపచ్చ ప్రోటీన్ జీఎఫ్‌పీ దీనికి మూలం. 2008లో షిమొమురా, చాల్ఫీ, చిన్ అనే ముగ్గురికి రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది దానికే.

ఈ ప్రోటీన్‌లో తగిన చోట్ల సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలను రెండింటిని పెడితే రోజీఎఫ్‌పీ అవుతుంది. ఆక్సీకరణ జరిగితే ఆ రెండూ ముడిపడతాయి, పరిస్థితి మారితే ముడి విడిపోతుంది. డీసీఎఫ్ ఒకసారి వెలిగితే అంతే, జరిగినదాన్ని పోగుచేసుకుంటూ పోతుంది. ఇది మాత్రం ముందుకీ వెనక్కీ కదులుతుంది. 2009లో దీనికి ఈస్ట్‌లోని ఓఆర్‌పీ1 అనే పెరాక్సిడేజ్‌ను జోడించారు. ఆ ఎంజైమ్ పెరాక్సైడ్‌ను వేగంగా పట్టుకుని ముడిని రోజీఎఫ్‌పీకి అందిస్తుంది. పందెంలో పాల్గొనే సత్తా అలా వచ్చింది.

దీని అసలు బలం రెండు రంగుల కాంతితో కొలవడం. ముడిపడితే 405 నానోమీటర్ల కాంతికి స్పందన పెరుగుతుంది, 488కి తగ్గుతుంది. రెండింటి నిష్పత్తి చూస్తే ప్రోటీన్ ఎంత తయారైంది, కణం మందంగా ఉందా పలచగా ఉందా అన్నవి కొట్టుకుపోతాయి. ఒక కణంలో 200, 1000 వచ్చి, రెట్టింపు ప్రోటీన్ ఉన్న పక్క కణంలో 400, 2000 వచ్చినా నిష్పత్తి 0.2 దగ్గరే ఉంటుంది.

అయితే నిష్పత్తి కూడా నేరుగా శాతం కాదు. పూర్తిగా ముడి విప్పినప్పుడు నిష్పత్తి 0.2, పూర్తిగా ముడిపడినప్పుడు 2.0, మన కణంలో 0.6 అనుకుందాం. తొందరలో చూస్తే 1.8 దూరంలో 0.4 నడిచింది, అంటే 22 శాతం. కానీ ముడిపడిన రూపం 488 కాంతికి నాలుగో వంతే వెలుగుతుందనుకుంటే, దాన్ని లెక్కలో కలిపితే వచ్చే జవాబు సుమారు 53 శాతం. అందుకే ప్రతి ప్రయోగం చివర కణాలను పూర్తిగా ఆక్సీకరణం చేసి ఒకసారి, పూర్తిగా క్షయకరణం (ఆక్సీకరణకు వ్యతిరేక చర్య) చేసి ఒకసారి కొలవాలి.

వీటికీ లోపాలున్నాయి. 2006లో వచ్చిన హైపర్ అనే సెన్సర్ పెరాక్సైడ్‌తో పాటు పీహెచ్ మారినా నిష్పత్తి మార్చేది. 2020లో వచ్చిన హైపర్7లో ఆ జబ్బు చాలావరకు నయమైంది. అన్నిటికంటే పెద్ద అడ్డంకి వేరు: జన్యువు పంపాలి. రోగి నుంచి అప్పుడే తీసిన రక్తకణాల్లో అది జరిగే పని కాదు.

యాంటీ ఆక్సిడెంట్ వేస్తే తగ్గింది కదా

వెలుగు ఆర్‌ఓఎస్ వల్లేనని నిరూపించడానికి ఎన్-అసిటైల్ సిస్టీన్ వేసి, చూడండి తగ్గింది అంటారు. ఇది వినడానికి గట్టి వాదనే. కానీ ఎన్-అసిటైల్ సిస్టీన్ పెరాక్సైడ్‌తో నేరుగా జరిపే చర్య చాలా నెమ్మది. అది కణపు సొంత యాంటీ ఆక్సిడెంట్ అయిన గ్లూటాథయోన్ తయారీకి ముడిసరుకు ఇస్తుంది, ప్రోటీన్లలోని ముడులను విప్పగలదు, కొన్ని మందులను తానే పట్టేసుకుని నిర్వీర్యం చేస్తుంది. వెలుగు తగ్గితే వీటిలో ఏ కారణం అయినా కావచ్చు. పెరాక్సైడ్‌ను మాత్రమే విరగ్గొట్టే క్యాటలేజ్ ఎంజైమ్‌ను కణంలో పెంచి చూడటం ఇంతకంటే నమ్మదగిన పరీక్ష.

మరి డీసీఎఫ్‌ను పారేయాలా

పారేయాలనేవారి మాట: ఏం కొలుస్తోందో చెప్పలేని పరికరం పరికరమే కాదు. ఉంచాలనేవారి మాట: వందల పదార్థాలను మొదటి విడతలో వడపోయడానికి ఇంత చౌకైనది లేదు, తేడా కనిపించినవాటిని తర్వాత మంచి పద్ధతితో పరీక్షించవచ్చు. రెండో మాటలో తప్పు లేదు గాని, ఆ 'తర్వాత' చాలాసార్లు రాదు. నడిమి దారి పట్టినవారు వెలుగును వెలుగుగానే రాయమంటారు, దాంతో పాటు డీఎన్ఏకో కొవ్వులకో జరిగిన నష్టాన్ని విడిగా కొలవమంటారు.

నా మొగ్గు మొదటివారి వైపే. కానీ మొండి రంగు కూడా పదునైన ప్రశ్న అడిగితే ఎంత బాగా పనిచేస్తుందో చూపే ఉదాహరణ ఒకటి ఆసుపత్రుల్లోనే ఉంది. క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అనే పుట్టుజబ్బులో తెల్లరక్త కణాలు సూపర్ఆక్సైడ్ తయారు చేయలేవు, పిల్లలకు పదేపదే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. దాన్ని పట్టుకోవడానికి డైహైడ్రోరోడమీన్ అనే రంగు వాడతారు. స్వభావంలో ఇది డీసీఎఫ్‌కు చుట్టమే. రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాలకు రంగు వేసి, రసాయనంతో గట్టిగా రెచ్చగొట్టి, ఒక్కో కణాన్నీ ఫ్లో సైటోమీటర్‌లో లెక్కిస్తారు. ఆరోగ్యవంతుల కణాలు ఎన్నో రెట్లు వెలుగుతాయి, రోగి కణాలు చీకటిగా ఉండిపోతాయి. ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే రకమైతే, ఆ జన్యువు మోసే తల్లి రక్తంలో సాధారణంగా రెండు గుంపులు విడివిడిగా కనిపిస్తాయి, వెలిగేవి కొన్ని, వెలగనివి కొన్ని.

ఇక్కడ ఎంత ఆర్‌ఓఎస్ అని ఎవరూ అడగడం లేదు. ఉందా, లేదా అనే అడుగుతున్నారు. అప్పుడు కూడా డాక్టర్లు గుర్తుంచుకునే ఒక మినహాయింపు ఉంది. ఈ రంగుకూ మధ్యవర్తి కావాలి, న్యూట్రోఫిల్స్‌లో ఆ పని ఎక్కువగా మైలోపెరాక్సిడేజ్ చేస్తుంది. ఆ ఎంజైమ్ పూర్తిగా లోపించిన మనిషి కణాలు సూపర్ఆక్సైడ్‌ను నిక్షేపంగా తయారుచేస్తున్నా, పరీక్షలో రోగి కణాల్లాగే చీకటిగా కనిపిస్తాయి.